ఎంఎస్‌డబ్ల్యూ చదివి ఏం సాధించారని అడిగారు: నా అనుభవం

ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చదివిన మా డిపార్ట్‌మెంట్ పూర్వ విద్యార్థుల సంఘానికి ఎట్టకేలకు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే న్యాక్ బృందం కూడా వచ్చి వెళ్ళిపోయింది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. రేపు ఇదే పనిలో దిగబోయే వాళ్ళకి కాస్తయినా పనికొస్తుంది. యూనివర్సిటీ పేరు మాత్రం రాయను. ఆంధ్రాలోనే ఉందనుకోండి, చాలు. పేరు రాస్తే అక్కడ చదువుతున్న మా జూనియర్ల కాగితాల మీద సంతకాలు ఆగిపోతాయి.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌ని. హెచ్ఐవీ ఉన్నవాళ్ళు మందులు మానకుండా చూడడం, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో తోడుండి ఆలోచించడం, భయపడి వచ్చిన గర్భిణికి ధైర్యం చెప్పడం, ఇవే నా రోజువారీ పనులు. ఉద్యోగం కాంట్రాక్టు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది, తర్వాత దీని మీదే పెద్ద రాద్ధాంతం జరిగింది.

ఇన్నేళ్ళలో డిపార్ట్‌మెంట్‌కి మేం గుర్తొచ్చింది లేదు. ఒక్కసారిగా ఫోన్లు మొదలయ్యాయి. ఎందుకని ఆరా తీస్తే న్యాక్. యూనివర్సిటీకి వేసే మార్కుల్లో ఐదో విభాగం విద్యార్థులకు అందే సహాయం, వాళ్ళ పురోగతి గురించి. అందులో ఆఖరి అంశం పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం. మొత్తం 1000 మార్కుల్లో దాని వాటా 10. రిజిస్టరైన సంఘం ఉందా, ఐదేళ్ళలో ఎన్ని లక్షలు ఇచ్చారు అని అడుగుతారు. మాకు సంఘం లేదు, లక్షలు అసలే లేవు. ఉన్నదల్లా ఒక వాట్సాప్ గ్రూపు. అందులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు, పండక్కి పండక్కి శుభాకాంక్షలు, అంతే.

సంఘం రిజిస్ట్రేషన్ అందరూ భయపెట్టినంత కష్టం కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆశయాల పత్రం, నియమావళి, అందరి ఆధార్ కాపీలు, సంతకాలు. నియమావళి కోసం ఎవరికీ డబ్బులివ్వకండి. ఎవరిదైనా పాతది దొరికితే తీసుకుని కూర్చుని మార్చుకోవచ్చు. మేం అలాగే చేశాం. చిక్కల్లా కార్యాలయం చిరునామా దగ్గర వచ్చింది. డిపార్ట్‌మెంట్ చిరునామా పెట్టుకోవడానికి యూనివర్సిటీ అభ్యంతరం లేదని లెటర్ ఇవ్వాలి. మా హెడ్ గారు రిజిస్ట్రార్ సెక్షన్‌కి రాశారు, వాళ్ళు ఎస్టేట్ సెక్షన్‌కి పంపారు, అక్కడ ఫైలు ఓ బల్ల సొరుగులో చేరి విశ్రాంతి తీసుకుంది. సంఘం పెట్టమని వెంటపడ్డది వాళ్ళే, లెటర్ ఇవ్వనిదీ వాళ్ళే. చివరికి ఊళ్ళో ఉన్న ఒక సీనియర్ అక్క ఇంటి చిరునామా పెట్టాం. ఆవిడ కరెంటు బిల్లు, ఆవిడ సంతకం, పని అయిపోయింది. మీరూ అదే చేయండి. యూనివర్సిటీ గుమ్మం తొక్కకండి.

అమెరికాలో స్థిరపడిన మా సీనియర్ అన్నయ్య ఒకరు లక్ష రూపాయలు పంపుతానని గ్రూపులో రాశారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకు ఎన్జీవోల్లో పనిచేసిన అనుభవం ఉంది కాబట్టి ఆగమన్నాను. ఆయనకి ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉంటే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి. కొత్త సంఘానికి అది మామూలుగా రాదు. మూడేళ్ళు పనిచేసి ఉండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలైనా ఖర్చుపెట్టి ఉండాలి. ఒకవేళ వచ్చినా డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అన్నయ్య సిటిజన్ అయిపోయారట. 'మన ఊరి బడికే కదమ్మా ఇస్తున్నది' అని బాధపడ్డారు. ఏం చేస్తాం? కొందరు 'మా బావమరిది ఖాతాకి వేయించి తిప్పేద్దాం' అని సలహా ఇచ్చారు. వద్దని గట్టిగా చెప్పాను. అలా దొరికిపోయిన సంస్థల ఖాతాలు ఏమయ్యాయో ఈ రంగంలో ఉన్నవాళ్ళని అడగండి. సంఘాలు పెట్టుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి మాత్రం కచ్చితంగా గుర్తుపెట్టుకోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇక అసలు విషయం, 'ప్రముఖ పూర్వ విద్యార్థుల విజయాలు' అనే జాబితా.

యూనివర్సిటీలో నాణ్యత కోసమని ఒక సెల్ ఉంటుంది. అక్కణ్ణుంచి మాకు ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. పేరు, బ్యాచ్, హోదా, సంస్థ, వార్షిక ప్యాకేజీ, అవార్డులు, ఫొటో. అన్ని డిపార్ట్‌మెంట్లకీ ఒకటే షీటు. జాబితా తయారుచేసే బాధ్యత నా మీద పడింది. నేను ఆపకుండా ఫోన్లు చేస్తానని అందరికీ తెలుసు మరి.

ఎంఎస్‌డబ్ల్యూ గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మాలో రెండు వర్గాలు. హెచ్ఆర్ వాళ్ళు, కమ్యూనిటీ డెవలప్‌మెంట్ వాళ్ళు. ఐదు వందల మంది, అంతకుమించి కార్మికులున్న ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. అందువల్ల మావాళ్ళు చాలామంది కంపెనీల్లోకి వెళ్ళి హెచ్ఆర్ మేనేజర్లయ్యారు. మంచి జీతాలు, మంచి కార్లు. మిగిలినవాళ్ళం ఇటు మిగిలాం. పల్లెల్లో పేదరికం తగ్గించడానికి వెలుగు పథకం వచ్చిన రోజుల్లో మా సీనియర్లు చాలామంది కమ్యూనిటీ కోఆర్డినేటర్లుగా చేరి, మోటారు సైకిళ్ళ మీద ఊరూరూ తిరిగి మహిళా సంఘాల పుస్తకాలు సరిచేశారు. కొందరు జిల్లా బాలల సంరక్షణ యూనిట్లలో ఉన్నారు. మా బ్యాచ్‌లో ఒకావిడ పాడేరు ఏజెన్సీలో ఉంది. ఇంకొకతను ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ళ ఎంఫిల్ కూడా చేసి సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయ్యాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే ఆ ఎంఫిల్‌గానీ, ప్రభుత్వం నిర్దేశించిన అర్హతగానీ ఉండాల్సిందే.

అందరి వివరాలూ సేకరించాను. ఏజెన్సీలో ఉన్నావిడకి సిగ్నల్ దొరికేది కొండ మీద ఒక మలుపు దగ్గరే. సాయంత్రం అక్కడికొచ్చి ఫోన్ చేసి చెప్పేది. ప్యాకేజీ కాలమ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే నవ్వు. 'ఏడాదికి ఎంతని రాస్తావే, అసలు మూడు నెలలుగా జీతమే పడలేదు' అంది ఒకావిడ. నేను ఆ కాలమ్ ఖాళీగా వదిలేసి పంపాను.

కాన్ఫరెన్స్ హాల్లో రివ్యూ మీటింగ్ పెట్టారు. అన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్ళూ ఉన్నారు. ఆసుపత్రిలో సెలవు పెట్టి వెళ్ళాను. షీటు తెర మీద వేశారు. సెల్ బాధ్యతలు చూసే ప్రొఫెసర్ గారు చేతిలో లేజర్ పాయింటర్‌తో ఒక్కో పేరు మీద ఎర్ర చుక్క పెడుతూ పోతున్నారు. ఎంబీఏ వాళ్ళ జాబితా అయింది, శభాష్ అన్నారు. ఫార్మసీ వాళ్ళది అయింది. మాది వచ్చింది. చుక్క ప్యాకేజీ కాలమ్ మీద పై నుంచి కిందికి జారింది.

'ఇదేంటి, అన్నీ ఖాళీ? ఎవరు చేశారిది?'

లేచి నిలబడ్డాను.

'మీరేం చేస్తుంటారమ్మా?'

'ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌ని సార్.'

'పర్మనెంటా?'

'కాంట్రాక్ట్ సార్.'

'ఎన్నేళ్ళుగా?'

చెప్పాను. ఆయన పక్కాయన వైపు చూసి నవ్వారు. 'ఇన్నేళ్ళుగా కాంట్రాక్టా! మరి మీ పేరు ప్రముఖుల్లో ఎందుకు రాసుకున్నారమ్మా? అచీవ్‌మెంట్ ఏముంది ఇందులో?' అన్నారు. హాల్లో కొందరు నవ్వారు. వెనక మా డిపార్ట్‌మెంట్ పిల్లలు కూర్చున్నారు, వాళ్ళు నవ్వలేదు. తలలు దించుకున్నారు. నాకు నవ్విన వాళ్ళకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. రేపు వాళ్ళు చేరబోయేది ఈ ఉద్యోగాల్లోనే.

అంతటితో ఆపితే సరిపోయేది. 'ఐఏఎస్ ఎవరూ లేరా? పోనీ ఎమ్మెల్యే? సినిమావాళ్ళు?' అని అడిగారు. మా హెడ్ గారు కాగితాల్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచేశారు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే. మాకు 'నోరు లేనివాళ్ళ తరఫున నిలబడాలి' అని పాఠం చెప్పింది ఆవిడే.

తర్వాత రుజువులు అడిగారు. ప్రతి విజయానికీ ఫొటో కావాలి, అదీ జియోట్యాగ్ ఉన్న ఫొటో. అంటే ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకి తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫొటో కిందే రావాలి. 'మీరు పేషెంట్లకి కౌన్సెలింగ్ ఇస్తున్నట్టు ఒకటి, బాగుపడ్డ పేషెంటుతో నిలబడి ఒకటి, కింద రెండు లైన్ల సక్సెస్ స్టోరీ. పెద్ద పనేం కాదు కదా?' అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు, జోక్ చేస్తున్నారేమో అనుకున్నాను. ఏఆర్‌టీ సెంటర్ గదిలో, హెచ్ఐవీ ఉన్న మనిషి పక్కన నిలబడి, తేదీ, టైము, స్థలంతో సహా ఫొటో తీసి యూనివర్సిటీకి ఇవ్వాలట! మా సెంటర్‌కి వచ్చేవాళ్ళలో సొంత ఊరి ఆసుపత్రి వదిలేసి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళున్నారు, తెలిసినవాళ్ళు చూస్తారని. మందుల డబ్బా మీద లేబుల్ బయటే చింపేసి, మాత్రలు వేరే డబ్బాలో పోసుకుని వెళ్తారు. రోడ్డు మీద ఎదురైతే నేను వాళ్ళని పలకరించను. వాళ్ళు పలకరిస్తేనే పలుకుతాను. మాకు అలవాటైన మర్యాద అది.

'సార్, అది కుదరదు. చట్టం ఒప్పుకోదు' అన్నాను. 2017లో హెచ్ఐవీ ఎయిడ్స్ నివారణ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి అన్నీ తెలుసుకుని ఒప్పుకుంటే తప్ప, లేదా కోర్టు చెబితే తప్ప, అతనికి హెచ్ఐవీ ఉన్న సంగతి బయటపెట్టకూడదు. 'ముఖం బ్లర్ చేయండి' అన్నారాయన. మా జాబితాలో తర్వాతి పేరు బాలల సంరక్షణ యూనిట్‌లో పనిచేసే మా జూనియర్‌ది. దానికీ అదే: 'రెస్క్యూ చేసిన పిల్లలతో గ్రూపు ఫొటో.' బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా పేరు, ఫొటో ఏదీ ప్రచురించకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ నంబరు కూడా హాల్లో చెప్పాను. 'చట్టాలు బాగానే తెలుసే' అన్నారు వెటకారంగా. తెలుసు మరి. అవి తెలియకపోతే నా ఉద్యోగం నేను చేయలేను.

ఇక్కడ కాస్త ఆగి నా గోడు చెప్పుకోనివ్వండి. వంతెన కట్టినవాడు వంతెన చూపిస్తాడు. కంపెనీ పెట్టినవాడు బోర్డు చూపిస్తాడు. మేం పని సరిగ్గా చేశామంటే దాని గురించి ఎవరికీ తెలియకూడదు. ఆగిపోయిన బాల్యవివాహం తాలూకు అమ్మాయి మళ్ళీ బడికి వెళ్తోందంటే, ఆ అమ్మాయి ఎవరో క్లాసులో ఎవరికీ తెలియకుండా ఉండడమే మా జూనియర్ సాధించింది. దాన్ని పట్టుకొచ్చి రంగుల పుస్తకంలో అచ్చేస్తే, చేసిన పనంతా చేతులారా పాడుచేసినట్టే.

పైగా సోషల్ వర్క్ చదివినవాళ్ళు ఏం సాధించారని యూనివర్సిటీలోనే అడగడం నాకు మింగుడుపడలేదు. దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో దొరాబ్జీ టాటా పేరు మీద పెట్టిన స్కూల్‌తో మొదలైంది. ఇవాళ్టి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) అదే. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ నంబరు పుట్టింది 1996లో అక్కడి ఫీల్డ్ ప్రాజెక్టుగానే. పోలీసు స్టేషన్లలో హింసకు గురైన ఆడవాళ్ళకి అండగా సోషల్ వర్కర్లు కూర్చునే స్పెషల్ సెల్‌ని 1984లో ముంబయిలో మొదలుపెట్టిందీ ఆ సంస్థే. నర్మదా బచావో ఉద్యమం నడిపిన మేధా పాట్కర్ అక్కడే సోషల్ వర్క్ చదివారు. అంతెందుకు, 1995 నుంచి 1999 దాకా దేశంలోని యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీకి అధ్యక్షురాలిగా ఉన్న ఆర్మైటీ దేశాయ్ సోషల్ వర్క్ మనిషే. ఆ ప్రొఫెసర్ గారి జీతం స్కేళ్ళు చూసే యూజీసీకి! ఇది ఆ రోజు హాల్లో గుర్తురాలేదు. ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. ఇప్పటికీ దాని గురించి పళ్ళు నూరుకుంటున్నాను.

ఆ రాత్రి న్యాక్ మాన్యువల్ తీసి కూర్చుని చదివాను. ఆ సెల్‌లో వాళ్ళు ఎవరైనా దాన్ని పూర్తిగా చదివారా అని నాకు గట్టి అనుమానం. అందులో పూర్వ విద్యార్థుల సంఘం గురించిన ప్రశ్నలో డబ్బు సాయం ఒక్కటే లేదు, ఇతర సేవల ద్వారా చేసిన సాయం కూడా ఉంది. అది చూడగానే నాకు దారి దొరికింది.

ఎంఎస్‌డబ్ల్యూలో వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్ ఉంటుంది. ఆఖర్న బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే ఒకే సంస్థలో ఏకధాటిగా పని. డిపార్ట్‌మెంట్ పిల్లల్ని ఆసుపత్రులకి, ఎన్జీవోలకి, ఫ్యాక్టరీలకి పంపుతుంది. అక్కడ వాళ్ళని చూసుకునేది ఎవరు? మేమే. ఏళ్ళ తరబడి మా దగ్గరికి పిల్లలు వస్తున్నారు. మొదటి రోజు వార్డు వాసనకి కళ్ళు తిరిగి పడిపోయిన అబ్బాయికి సోడా తాగించింది నేనే. పేషెంటు ఏడుస్తుంటే ఏం మాట్లాడాలో తెలియక నోట్‌బుక్‌లో మొహం దాచుకున్న అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదని చెప్పింది నేనే. వాళ్ళ రిపోర్టులు దిద్ది, హాజరుకి సంతకాలు పెట్టాం. దీనికి యూనివర్సిటీ మాకు ఒక్క రూపాయి ఇవ్వలేదు, మేం అడగలేదు. ఇది భాగస్వామ్యం కాదంటే మరేది?

పాత ఫీల్డ్ వర్క్ డైరీలు డిపార్ట్‌మెంట్ స్టోర్‌రూమ్‌లో కట్టలుగా ఉన్నాయి. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకతను నా మాట విని, తాళం తీయించి, ఇద్దరు విద్యార్థుల్ని ఇచ్చాడు. బొద్దింకల మధ్య కూర్చుని ఏ ఏడాది ఏ పూర్వ విద్యార్థి ఎంతమంది పిల్లల్ని సూపర్‌వైజ్ చేశారో సంతకాలు చూసి రాసుకున్నాం. రూరల్ క్యాంపుల్లో భోజనాలు, బస చూసిన సీనియర్ల పేర్లు కూడా దొరికాయి. ఇదే మా సంఘం సాయం అని పట్టిక చేసి ఇచ్చాం. ఫొటోల బదులు సంస్థల లెటర్‌హెడ్ మీద 'ఫలానావారు ఫలానా ఏడాది నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు' అన్న రెండు ముక్కలు తెచ్చాం. ఫొటో ఇవ్వాల్సిన చోట ఖాళీ గదుల ఫొటో పెట్టాం, కుర్చీలు, బల్ల, గోడ మీద పోస్టరు, కింద జియోట్యాగ్. వాళ్ళకి కావాల్సిన అక్షాంశం వాళ్ళకి దొరికింది.

మీ డిపార్ట్‌మెంట్‌లో కూడా ఆ డైరీలు ఉంటే పాత పేపర్లవాడికి వేయనివ్వకండి. ఏ సర్టిఫికెట్ కన్నా అవే బలమైన ఆధారం. ఇంకో సలహా, రివ్యూ మీటింగుకి ఒంటరిగా వెళ్ళకండి. గట్టిగా మాట్లాడే హెచ్ఆర్ మనిషిని ఒకర్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. సూటు చూస్తే ఆ కుర్చీల్లో వాళ్ళ గొంతు మారుతుంది. నాకు నచ్చకపోయినా నిజం అదే.

న్యాక్ బృందం పూర్వ విద్యార్థులతో ముఖాముఖి పెట్టిన రోజు ముందు వరుసలో ఎవరు కూర్చోవాలో సెల్ వాళ్ళే నిర్ణయించారు. హెచ్ఆర్ మేనేజర్లు ముందు, మేం నాలుగో వరుస. బృందంలో ఒకావిడ ఫీల్డ్ వర్క్ పిల్లలకి వాళ్ళు వెళ్ళిన సంస్థల్లో ఎవరు దారి చూపిస్తారని అడిగారు. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి మా వైపు చూశారు. నేను లేచి మైకు తీసుకుని చెప్పాల్సింది చెప్పాను, కొంచెం ఎక్కువే చెప్పాను. ఆవిడ రాసుకున్నారు. మార్కులు ఎన్ని వేశారో ఇంకా రాలేదు.

రంగుల పుస్తకం అచ్చయింది. నా పేరు ఉంది. ప్యాకేజీ కాలమ్ తీసేయమన్నాను, తీయలేదు. మా అందరి పేర్ల ఎదురుగా అడ్డగీతలు వేశారు. ఏజెన్సీలో ఉన్నావిడ పేరు తప్పు అచ్చేశారు. సవరణ లెటర్ ఇచ్చాను, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్నాను.

సంఘానికి బ్యాంకు ఖాతా, పాన్ కార్డు వచ్చాయి. జీవిత సభ్యత్వం డబ్బు ఫోన్‌పేలో పంపేవాళ్ళు దయచేసి పేరూ బ్యాచూ రాయండి. ఎవరిదో తెలియని డబ్బు ఇప్పటికే కొంత పడి ఉంది. ఏటా కార్యవర్గం జాబితా సొసైటీల రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. ఆ పని కార్యదర్శిది. కార్యదర్శి పదవి పట్టుబట్టి తీసుకున్నది ఫార్మా కంపెనీలో ఉన్న మా హెచ్ఆర్ సీనియర్. న్యాక్ బృందం వెళ్ళిపోయిన మర్నాటి నుంచి ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఈ ఆదివారం వాళ్ళింటికే వెళ్తున్నాను.